వాడిన అవుట్‌బోర్డ్ మోటారు కొనాలి: ఈ మూడింటిలో ఏది నమ్మవచ్చు?

చుక్కాని
అందరికీ నమస్కారం. నాది 14 అడుగుల అల్యూమినియం పడవ. ఇన్నాళ్లూ తెడ్లతోనే నెట్టుకొచ్చాను. ఇక చేతులు మొరాయిస్తున్నాయి కాబట్టి వాడిన అవుట్‌బోర్డ్ మోటారు ఒకటి కొనాలనుకుంటున్నాను. తిరిగేది ఎక్కువగా మంచినీటిలోనే, అప్పుడప్పుడు ఉప్పునీటి వైపు కూడా వెళతాను. మనుషులం ముగ్గురం, కొద్దిపాటి సామాను. పడవకు బిగించిన పలక మీద గరిష్ఠం 20 హెచ్‌పీ అని ఉంది.

ఇప్పటికి మూడు చూశాను. మొదటిది 15 హెచ్‌పీ, టూ స్ట్రోక్, కార్బురేటర్. పాతది, రంగు వెలిసిపోయింది. మొదటి నుంచీ ఒకే యజమాని. రెండోది 20 హెచ్‌పీ, ఫోర్ స్ట్రోక్, ఇదీ కార్బురేటరే. చాలా తక్కువ గంటలు నడిచిందట, కొన్నేళ్లుగా షెడ్డులోనే ఉందట. మూడోది 25 హెచ్‌పీ, ఫోర్ స్ట్రోక్, ఫ్యూయల్ ఇంజెక్షన్. సముద్రంలో వాడినదే అయినా తళతళలాడుతోంది. 20కీ 25కీ పెద్ద తేడా ఏమీ ఉండదని అమ్మే ఆయన అంటున్నారు. నా మనసు దీని మీదికే పోతోంది. మీరేమంటారు?

నీటికాకి
ఎక్కడెక్కడ తళతళలాడుతోందండి? మూత ఒక్కటేనా, కింది గేరు పెట్టె కూడానా? బోల్టుల తలల మీద, వాషర్ల మీద కూడా రంగు పడిందా? జింకు దిమ్మల మీద?

చుక్కాని
ఫోటోలు మళ్లీ చూశాను. బోల్టుల మీద పడింది. జింకు దిమ్మలంటే ప్రొపెల్లర్ పైన పలకకు బిగించి ఉండే చిన్న ముక్కలేనా? వాటి మీదా పడింది.

పాతమిస్త్రి
అయితే పూసినవారికి మోటారు సంగతి తెలియదు, లేదా తెలిసీ పట్టించుకోలేదు. ఉప్పునీటిలో మోటారు లోహం బదులు తాను కరిగిపోవడమే జింకు దిమ్మ పని. రంగు పూస్తే నీటికి తగలదు, పని చేయదు. అప్పుడు కరిగేది గేరు పెట్టె. కొత్త రంగంటేనే నాకు అనుమానం. కింద తుప్పు తిన్న గుంటలకు లప్పం పెట్టి పూశారేమో పైనుంచి చూస్తే తెలియదు.

అయినా ఇక్కడ అంత పరిశోధన అక్కర్లేదు. పలక మీద 20 అని ఉంటే 20 దాటకూడదు. 25 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ బరువు 60 కిలోల దాకా ఉంటుంది, కొన్ని 70కి చేరతాయి. ఆ బరువుకు వెనుక భాగం నీటిలోకి దిగిపోతుంది. వేగం మీద ఒక్కసారిగా తిప్పినప్పుడు 14 అడుగుల పడవ ఏమవుతుందో ఊహించుకోండి. ప్రమాదం జరిగితే బీమావారు ముందు చూసేదీ ఆ పలకనే. వదిలేయండి.

లంగరు
నాదీ అదే మాట. ఇంకొకటి, మోటారు తగిలించే వెనుక పలక ఎత్తు కొలిచారా? పై అంచు నుంచి పడవ అడుగు దాకా టేపు పెట్టి చూడండి. 15 అంగుళాలు, అంటే దాదాపు 38 సెంటీమీటర్లు ఉంటే షార్ట్ షాఫ్టు కావాలి. 20 అంగుళాలు, అంటే 51 సెంటీమీటర్ల దగ్గర ఉంటే లాంగ్ షాఫ్టు. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పలక పడవ అడుగుతో సమంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ రావాలి. షాఫ్టు పొట్టిదైతే ప్రొపెల్లర్ గాలి మింగి ఊరికే తిరుగుతుంది. పొడవైతే నీటిని ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు తాగుతుంది, లోతు తక్కువైన చోట నేలకు తగులుతుంది.

చుక్కాని
కొలిచాను, 39 సెంటీమీటర్లు. మొదటి రెండూ షార్ట్ షాఫ్టులే. మూడోది లాంగ్ అట. సరే, దాని మీద ఆశ వదిలేశాను. ఇప్పుడు 15 టూ స్ట్రోకా, 20 ఫోర్ స్ట్రోకా?

అలలమీద
కళ్లు మూసుకుని టూ స్ట్రోక్ తీసుకోండి. వాల్వులు లేవు, టైమింగ్ బెల్టు లేదు, ఇంజిన్ ఆయిల్ మార్చే పని లేదు. చెడిపోయే వస్తువే తక్కువ. 15 హెచ్‌పీది 36 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఒక్కరే భుజానికెత్తుకోవచ్చు. నీటి మధ్యలో మొరాయించినా రెండు ప్లగ్గులు, ఒక స్పానరుతో ఇంటికి చేరవచ్చు.

లంగరు
కళ్లు మూసుకుని ఏదీ తీసుకోవద్దు. పాత టూ స్ట్రోక్ మింగిన పెట్రోలులో గణనీయమైన భాగాన్ని కాల్చకుండానే బయటికి వదిలేస్తుంది. పొగ, చప్పుడు, పెట్రోలుతో పాటు నూనె ఖర్చు. నెమ్మదిగా చాలాసేపు నడిపితే ప్లగ్గులు నల్లబడి తడుస్తాయి. అమెరికాలో 1998 నుంచి 2006 దాకా దశలవారీగా బిగించిన ఉద్గార నిబంధనల వల్లే కార్బురేటర్ టూ స్ట్రోక్‌లు అక్కడి కొత్త మోటార్ల అంగడి నుంచి దాదాపు కనుమరుగయ్యాయి. కొన్ని జలాశయాల్లో వాటిని అసలు రానివ్వరు. చుక్కాని గారూ, మీరు తిరిగే చోట ఏ నియమం ఉందో ముందు కనుక్కోండి.

అలలమీద
నియమాల సంగతి ఒప్పుకుంటాను. కానీ మామూలుగా కొన్నేళ్లు షెడ్డులో పడి ఉన్న ఫోర్ స్ట్రోక్ కన్నా, వారం వారం నీటిలో దిగిన టూ స్ట్రోక్ నయం.

పాతమిస్త్రి
అలలమీద గారు చెప్పిన చివరి వాక్యంలోనే అసలు విషయం ఉంది. స్ట్రోకుల గొడవ మీరిద్దరూ తర్వాత పడండి. తక్కువ గంటలన్నంత మాత్రాన మంచి మోటారైపోదు. వాడకుండా పడి ఉంటే కార్బురేటర్‌లో పెట్రోలు ఎండి జిగురవుతుంది, సన్నని జెట్లు మూసుకుపోతాయి. ఎథనాల్ కలిపిన పెట్రోలైతే తేమను పీల్చుకుని, నీరు అడుగున వేరుపడుతుంది. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు ఒకే వైపు వంగి అలాగే బిగుసుకుపోతాయి. సీళ్లు ఎండి గట్టిపడతాయి. ఇవన్నీ బాగు చేయగలిగినవే, కానీ ఆ ఖర్చు కలిపి ధర లెక్కవేసుకోవాలి.

చూడవలసినవి చాలా ఉన్నా, నేను ముందు కూర్చునేది గేరు పెట్టె దగ్గర. అడుగున ఒక స్క్రూ, దానికి పైన గాలి కోసం మరొకటి ఉంటాయి. మోటారును రాత్రంతా నిటారుగా నిలబెట్టి ఉంచమని ముందే చెప్పండి. కింద గిన్నె పెట్టి, పై స్క్రూ ముట్టుకోకుండా అడుగుది మాత్రం నెమ్మదిగా వదులు చేయండి. పైనుంచి గాలి అందదు కాబట్టి బొట్లుబొట్లుగానే కారుతుంది. మనకు కావలసింది ఆ మొదటి బొట్లే. నీరు నూనె కన్నా బరువు, లోపల చేరి ఉంటే ముందు అదే వస్తుంది. నూనె పాలలా తెల్లబడి ఉంటే నీరు కలిసి చాలాసార్లు చిలికినట్లు లెక్క. నల్లగా, కాలిన వాసనతో ఉంటే ఏళ్ల తరబడి మార్చలేదు. స్క్రూ కొనకు అయస్కాంతం ఉంటే వేలితో తుడవండి. బూడిద రంగు మెత్తని ముద్ద మామూలే, గేర్లు అరగడం సహజం. వెలుతురుకు తళుక్కుమనే పలుకులు, సూదుల్లాంటి ముక్కలు ఉంటే గేరు పళ్లో క్లచ్ పళ్లో విరుగుతున్నాయి. ఆ మోటారు ముందు ఇంకొక్క నిమిషం కూడా వృథా చేయకండి.

తెడ్డు
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నూనె మరీ శుభ్రంగా, కొత్తగా ఉంటే మంచిదేనా?

పాతమిస్త్రి
మంచిదీ కావచ్చు, కప్పిపుచ్చడమూ కావచ్చు. నీటిలో ఇరవై నిమిషాలు గట్టిగా నడిపి, కాసేపు ఆగి మళ్లీ చూడాలి. సీలు పాడైతే కొత్త నూనె కూడా మబ్బుగా మారుతుంది.

నీటికాకి
చూడటానికి వెళ్లే ముందు ఫోనులో ఒక్క మాట గట్టిగా చెప్పండి, "నేను వచ్చేదాకా స్టార్టు చేయకండి" అని. చేరగానే మూత తీసి సిలిండర్ హెడ్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేసి పెట్టారో అడగండి. చల్లటి మోటారు ఎన్ని లాగుళ్లకు అందుకుంటుందో మీ కళ్లతో చూడాలి.

సీరియల్ నంబరు కూడా చూడండి. పడవకు బిగించే బ్రాకెట్ మీద పలక ఉంటుంది, చాలా మోటార్లకు ఇంజిన్ దిమ్మ మీద కూడా నంబరు ఉంటుంది. పలక పీకేసి ఉన్నా, నంబరు గీకేసి ఉన్నా బేరం కూడా ఆడకుండా వచ్చేయండి. ఎవరి పడవ నుంచి ఊడిందో మనకెందుకు!

తెడ్డు
నా దగ్గర పాత జాన్సన్ ఒకటి ఉంది, ఏ సంవత్సరానిదో తెలియడం లేదు. మోడల్ సంఖ్య చివర సి, ఆర్ అనే అక్షరాలు ఉన్నాయి.

లంగరు
1980 నుంచి వచ్చిన జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు ఒక చిట్కా ఉంది. ఐ, ఎన్, టి, ఆర్, ఓ, డి, యు, సి, ఇ, ఎస్ అక్షరాలను వరుసగా రాసుకుని వాటి కింద 1 నుంచి 9 దాకా, చివరి ఎస్ కింద 0 వేయండి. సి అంటే 8, ఆర్ అంటే 4. మీది 1984 మోడల్. అయితే ఒకటి, ఎవిన్‌రూడ్ అవుట్‌బోర్డ్‌ల తయారీని 2020లో ఆపేశారు. పాతవాటికి విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి గానీ, కొనే ముందు మీ మోడల్‌కు ఇంపెల్లర్, కాయిల్, గాస్కెట్లు దొరుకుతాయో లేదో కనుక్కోవడం మంచిది. ఇది ఏ కంపెనీ మోటారుకైనా వర్తిస్తుంది. పేరు చూసి కంగారు పడవద్దు కూడా. మెర్క్యురీ చిన్న ఫోర్ స్ట్రోక్‌లు చాలా ఏళ్లపాటు తయారైంది తొహాత్సు అనే మరో కంపెనీ దగ్గరే. స్టిక్కరు వేరైనా లోపల చాలా భాగాలు ఒకటే.

చుక్కాని
రేపు రెండూ చూడటానికి వెళుతున్నాను. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి స్నేహితుడి దగ్గర ఇప్పించుకున్నాను. ఎలా వాడాలో ఎవరైనా చెబుతారా?

పాతమిస్త్రి
చల్లటి స్టార్టు చూశాక చేయండి, ఇంజిన్ వెచ్చబడి ఉండాలి. ప్లగ్గులు రెండూ తీయండి. ఇంజిన్‌ను ఆపేసే కిల్ స్విచ్ తాడు ఊడదీసి, ప్లగ్గు వైర్లను ఇంజిన్ లోహానికి తగిలించి ఉంచండి, పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ ఎగరకూడదు. థ్రాటిల్ పూర్తిగా తెరవండి. ఇది మరిచిపోతే గాలి అందక అంకె తక్కువ చూపిస్తుంది. ముల్లు ఇక పెరగనంతవరకు తాడు లాగండి. రెండో సిలిండర్‌కూ అంతే.

అంకె ఎంత వచ్చిందన్న దాని కన్నా రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. తేడా 10 శాతం లోపు ఉంటే సంతోషం, 15 దాటితే అనుమానించండి. గేజికీ గేజికీ తేడా ఉంటుంది కాబట్టి మీ అంకెను వేరెవరి అంకెతోనూ పోల్చకండి.

తీసిన ప్లగ్గులను పారేయకుండా వరుసగా పెట్టి చూడండి. టూ స్ట్రోక్‌లో లేత గోధుమ రంగు, కొంచెం నూనె తడి ఉండటం మామూలే. ఒకటి నల్లగా, ఇంకొకటి కడిగినట్లు తెల్లగా ఉంటే ఆ తెల్లదాని సిలిండర్‌లోకి నీరు దిగుతోందేమో చూడాలి. పింగాణీ మీద చిన్నచిన్న అల్యూమినియం చుక్కలు అంటుకుని ఉంటే పిస్టన్ కరగడం మొదలైనట్లే. ఫోనుకు తగిలించే సన్నని కెమెరా గొట్టం ఉంటే ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్ గోడలు చూడండి, నిలువు గీతలు కనిపిస్తే తెలిసిపోతుంది.

నీటికాకి
ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పేటప్పుడు న్యూట్రల్‌లో పెట్టి, కిల్ స్విచ్ తాడు ఊడదీయడం మరవకండి. షాఫ్టు కొన వంక చూస్తూ తిప్పండి. కొన గుండ్రంగా ఊగితే షాఫ్టు వంగింది. గేరు పెట్టె అడుగున చేప రెక్కలా ఉండే పలక విరిగి అతికించి ఉంటే రాయికి కొట్టుకుందన్నమాట.

చుక్కాని
వెళ్లి వచ్చాను. ముందు ఫోర్ స్ట్రోక్ సంగతి. నేను వెళ్లేసరికి ఇంజిన్ వెచ్చగా ఉంది! అడిగితే, "సరిగ్గా ఉందో లేదో చూద్దామని కాసేపు నడిపాను" అన్నారు. శబ్దం మెత్తగా ఉంది, ఇంజిన్‌ను చల్లబరిచి బయటికొచ్చే నీటి ధార బాగా వస్తోంది. కానీ కంప్రెషన్ 62, 60 పీఎస్‌ఐ మాత్రమే. థ్రాటిల్ పూర్తిగా తెరిచే చూశాను. గుండె జారింది.

టూ స్ట్రోక్ మూడో లాగుకు అందుకుంది. 112, 108 పీఎస్‌ఐ. ప్లగ్గులు రెండూ ఒకే గోధుమ రంగు. ఈ లెక్కన ఫోర్ స్ట్రోక్ పనైపోయినట్లేనా?

అలలమీద
నేను ముందే చెప్పాను కదా!

పాతమిస్త్రి
తొందరపడకండి. చిన్న ఫోర్ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి తాడు తేలిగ్గా లాగడానికి క్యామ్‌షాఫ్టు మీద డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి ఉంచుతుంది, ఇంజిన్ అందుకున్నాక తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. అందుకే గేజి తక్కువ చూపిస్తుంది. రెండూ ఒకేలా తక్కువగా ఉన్నాయంటే కారణం అదే కావచ్చు. ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో అంకె చూడండి. అనుమానం తీరకపోతే లీక్‌డౌన్ పరీక్ష, అంటే పిస్టన్ పైకొచ్చిన చోట సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారుతోందో కొలవడం. గాలి కార్బురేటర్ వైపు బుసకొడితే ఇన్‌టేక్ వాల్వు, ఎగ్జాస్ట్ వైపైతే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు.

గేరు ఆయిల్ సంగతి చెప్పలేదు. ఇంజిన్ ఆయిల్ కూడా. నూనె మట్టం చూసే పుల్ల తీసి చూశారా?

చుక్కాని
పుల్ల మీద ఇంజిన్ ఆయిల్ శుభ్రంగానే ఉంది, మట్టం సరిగ్గా ఉంది, పెట్రోలు వాసన లేదు. గేరు ఆయిల్ మిలమిలా మెరిసే కొత్త నూనె. మీరన్నట్లు నీటిలో నడిపి చూద్దామంటే ఒప్పుకున్నారు. తిరిగొచ్చి అరగంట ఆగి అడుగు స్క్రూ వదులు చేశాను. మొదటి బొట్లలో తెల్లటి చారలు స్పష్టంగా ఉన్నాయి. అయస్కాంతం మీద పలుకులేమీ లేవు, మెత్తని ముద్దే.

సర్వీసు పుస్తకం కూడా సంపాదించాను. ఆ మోడల్‌కు డీకంప్రెషన్ ఉంది, నాకు వచ్చిన అంకె వారిచ్చిన హద్దులోనే ఉంది.

లంగరు
అయితే ఇంజిన్ బాగుంది, గేరు పెట్టె సీలు పోయింది. ప్రొపెల్లర్ తీసి వెనక చూశారా? చేపలు పట్టే నైలాను దారం షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేయడం చాలా మామూలు. సీళ్లు పెద్ద ఖర్చేమీ కాదు. అసలు ప్రశ్న, లోపల నీరు ఎంతకాలం నిలిచి ఉందన్నది. షెడ్డులో కొన్నేళ్లు నీటితో నిలబడి ఉంటే బేరింగుల మీద తుప్పు గుంటలు పడి ఉంటాయి.

పాతమిస్త్రి
అది విప్పితే గానీ తెలియదు. విప్పడానికి ఆయన ఒప్పుకుంటే, లేదా గేరు పెట్టె మొత్తం పోయిందనుకుని ధర తగ్గిస్తే కొనవచ్చు. రెండూ కాదంటే వద్దు. నీరు పట్టిందని తెలిసే కొత్త నూనె పోసి, ముందే వేడి చేసి పెట్టారన్నది నా అభిప్రాయం. మీరు మాత్రం ఆయనతో ఆ మాట అనవద్దు, గిన్నె చూపిస్తే చాలు.

చుక్కాని
గిన్నె చూపించాను. ధర తగ్గించరు, విప్పనివ్వరు. సరేనని వచ్చేశాను.

ఇక టూ స్ట్రోక్. గేరు ఆయిల్ పాతదే, కానీ నీరు లేదు. జింకు దిమ్మ సగం అరిగి ఉంది, రంగు లేదు. నా పడవకే తగిలించి ముగ్గురం ఎక్కి నడిపాం. మొదట బాగా పరుగెత్తింది. తర్వాత పూర్తి థ్రాటిల్ ఇవ్వగానే ఇంజిన్ ఒక్కసారిగా గోల పెట్టింది, పడవ మాత్రం ముందుకు దూకలేదు. థ్రాటిల్ తగ్గిస్తే మళ్లీ మామూలే. యజమాని కూడా ఆశ్చర్యపోయారు. తాను ఒక్కడే, నెమ్మదిగా నడుపుతానన్నారు. గేర్లు పోయాయా?

పాతమిస్త్రి
తిన్నగా వెళుతున్నప్పుడేనా, మలుపులోనా? టకటకమని దెబ్బ తగిలినట్లు శబ్దం వచ్చిందా?

చుక్కాని
తిన్నగానే. దెబ్బల్లేవు, మెత్తగా జారినట్లే అనిపించింది.

పాతమిస్త్రి
మలుపులోనో అలల మీదో అయితే ప్రొపెల్లర్ గాలి మింగుతోందనేవాణ్ని. దెబ్బలు వినిపిస్తే క్లచ్ పళ్లు అరిగి గేరు జారుతోందనేవాణ్ని. మెత్తగా జారిందంటే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ పట్టు వదిలి ఉంటుంది. రాయికి తగిలినప్పుడు గేర్లు విరగకుండా జారడం కోసమే ఆ రబ్బరు పెట్టారు, పాతబడితే ఊరికే జారుతుంది. ప్రొపెల్లర్ వెనక వైపు లోపలి ఇత్తడి గొట్టం నుంచి రబ్బరు మీదుగా బయటి లోహం దాకా రంగుతో ఒక గీత గీసి మళ్లీ నడపండి. గీత రెండుగా విడిపోతే దోషం దొరికినట్లే.

చుక్కాని
గీశాం. ఒడ్డుకొచ్చి చూస్తే లోపలి గీత ఒక చోట, బయటి గీత ఇంకొక చోట! యజమాని తన దగ్గరున్న పాత ప్రొపెల్లర్ ఒకటి తెచ్చి బిగించారు. ఒక రెక్క అంచు కొంచెం వంకరే అయినా జారలేదు. ముగ్గురితో పూర్తి థ్రాటిల్‌లో 5,100 ఆర్‌పీఎం వచ్చింది. ఆ మోటారు పుస్తకంలో 4,500 నుంచి 5,500 మధ్య ఉండాలని ఉంది. నీటి ధార ఎక్కడా సన్నబడలేదు. నేను తిరిగే చోట టూ స్ట్రోక్‌కు అడ్డంకి లేదని కూడా కనుక్కున్నాను. ప్రొపెల్లర్ ఖర్చు తగ్గించి ఇచ్చారు, తీసుకున్నాను.

అలలమీద
శుభం! నూనె కలపడం 50:1. అంటే 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్లు. అవుట్‌బోర్డ్‌లకని ముద్ర ఉన్న టూ స్ట్రోక్ నూనే వాడండి, బైకులది వద్దు.

లంగరు
అభినందనలు. మొదటి వారంలోనే ఇంపెల్లర్ మార్చేయండి, ధార బాగా వస్తున్నా సరే. థర్మోస్టాట్, ప్లగ్గులు, గేరు ఆయిల్, పెట్రోలు గొట్టం కూడా. ఉప్పునీటిలో తిరిగిన ప్రతిసారీ మంచినీటితో నడిపి లోపల కడగండి. నీరు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపవద్దు, ఇంపెల్లర్ మాడిపోతుంది.

తెడ్డు
గేరు ఆయిల్ మార్చేటప్పుడు స్క్రూలకున్న పాత వాషర్లే మళ్లీ వేయవచ్చా?

పాతమిస్త్రి
వద్దు. నీరు దిగే దారుల్లో అదొకటి, రెండూ కొత్తవి వేయండి. నూనెను పంపుతో కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా నూనె వచ్చాక ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాత పంపు తీసి చటుక్కున అడుగుది బిగించండి. అప్పుడు నూనె కారిపోదు.